నా మాట వారి మాటగా

"సాయంత్రం వచ్చాక అమ్మకి ఆ సంగతి చెప్పెయ్. నీ మాటగానే చెప్పు, నా పేరు తేకు."

మా ఆయన ఈ మాట అన్నప్పుడు నేను ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తున్నాను. కాలరుకి పెట్టె చివర్ల నుంచి మధ్యకు రావాలి. మధ్య నుంచి చివర్లకు వెళితే ముడతలన్నీ మూలల్లో పోగై కనిపిస్తాయి. పెళ్ళయిన కొత్తలో అత్తయ్య నేర్పిన సంగతి ఇది. ఆవిడ నాకు నేర్పినవాటిలో తిట్టకుండా నేర్పింది ఇదొక్కటే. 'ఆ సంగతి' అంటే ముందు గది సంగతి. అత్తయ్య మంచం, కిటికీ, కిటికీ గట్టు మీద ఆవిడ రేడియో ఉండే గది. ఆయన పన్నుల లెక్కలు చూసే మనిషి. ఈ మధ్య ఇంటికే వస్తున్న క్లయింట్లను కూర్చోబెట్టడానికి ఆ గది కావాలి. అందుకని ఆయనా మా ఆడపడుచూ ఫోన్లో మాట్లాడుకుని, అత్తయ్యను ఆడపడుచు ఇంటికి పంపాలని తేల్చేశారు. మోకాళ్ళు పట్టేసి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషిని లిఫ్టు లేని మూడో అంతస్తుకి పంపడమన్న మాట. తేల్చింది వాళ్ళిద్దరు. చెప్పవలసింది నేను.

"మీరే చెప్పొచ్చుగా," అన్నాను.

"నా మీద కోపం వస్తే ఆవిడ తట్టుకోలేదు. నీ మీదైతే రెండు రోజులు సాధించి ఊరుకుంటుంది. అయినా నువ్వు సర్దిచెప్పినట్టు నేను చెప్పలేను. నీకు నోరుంది."

నీకు నోరుంది అన్న మాటను చాలా కాలం నేను మెచ్చుకోలు అనుకున్నాను. ఆయన చిన్నాన్న మా ఇంట్లో ఉండి వైద్యం చేయించుకుంటానన్నప్పుడు, కుదరదని చెప్పడానికి నన్నే పంపారు. ఇప్పటికీ వాళ్ళింట్లో నన్ను తలచుకునేటప్పుడు పేరు వాడరు, 'ఆ గయ్యాళి' అంటారట. మావయ్యగారు ప్రాణంలా చూసుకున్న పాత స్కూటరు అమ్మేద్దామని మా ఆయన అనుకున్నారు, అడిగింది నేను. మావయ్యగారు ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నా చేతి కాఫీ తాగలేదు. మా పిల్ల బడిలో టీచరు కబురు పెడితే నేను, కింది వాటా వాళ్ళతో నీళ్ళ గొడవ వస్తే నేను. ఆయన ఎప్పుడూ నా వెనక తలుపు పక్కన నిలబడి, నేను మాట్లాడడం అయ్యాక ముందుకొచ్చి, "ఏదో దాని మాటలకేం లెండి, లోపలికి రండి, టీ తాగుదురుగాని," అంటారు. ఆయన్ని అందరూ మెత్తని మనిషంటారు. మెత్తగా ఉండడానికి ఆయనకు నేను కావలసి వచ్చాను. దిండుకి గలీబులాగ కాదు, గోడకి మేకులాగ.

"ఇవాళ నాకు కమిటీ ఉంది," అన్నాను.

"మళ్ళీనా? మీ డైరెక్టరు నిన్ను ఊరికే పంపడోయ్. నువ్వు నెట్టుకురాగలవని. సాయంత్రం మాత్రం మర్చిపోకు. నీ మాటగా."

పెట్టె కాలరు మీద ఆగిపోయింది. నీ మాటగా. ఇంట్లో ఆయన మాట నా మాట అవుతుంది. అక్కడ, శాసనసభ కమిటీ పొడుగు బల్ల ముందు, నా మాట డైరెక్టర్ గారి మాట అవుతుంది. ఈ రెండింటి మధ్య ఇన్నేళ్ళుగా తిరుగుతూ, అటుదీ ఇటుదీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదు నేను. నా మాట వారి మాట అవుతుంది! మాడు వాసన వచ్చేదాకా అలాగే నిలబడ్డాను. కాలరు వెనక గోధుమ రంగు మరక పడింది, పెట్టె ముక్కు ఆకారంలో. మామూలుగా అయితే వెంటనే ఇంకో చొక్కా తీసేదాన్ని. ఆ మరక మడత కిందికి పోయేలా మడిచి చొక్కా ఆయన చేతికిచ్చాను. ఆయన వేసుకుని, అద్దంలో చూసుకుని, బాగుందన్నట్టు తలాడించి వెళ్ళిపోయారు.

*

నేను పనిచేసేది ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల వసతి గృహాలు నడిపే ప్రభుత్వ శాఖలో. డిప్యూటీ డైరెక్టర్‌ని. పేరు వింటే పెద్ద ఉద్యోగమే. వర్షాలు మొదలైన రోజుల్లో ఒక తెల్లవారుజామున మా హాస్టల్ ఒకదాంట్లో కింద మీటరు బోర్డు అంటుకుంది. పొగంతా ముందు మెట్ల గుండా పైకెక్కింది. పిల్లలు వెనక మెట్ల వైపు పరుగెత్తారు. వెనక మెట్లకి ఇనప జాలీ తలుపు. దానికి తాళం. వార్డెన్ తడి తువ్వాలు మొహానికి చుట్టుకుని తాళంచెవితో పొగలోంచి వచ్చేసరికి కొందరు కిటికీల్లోంచి దూకేశారు. కాలుతున్న ఇనుమును ఆవిడ ఒట్టి చేతులతో పట్టుకుని తాళం తీసింది. అరచేతుల చర్మం జాలీకి అతుక్కుపోయింది.

ఎవరూ చనిపోలేదు. ఆ మాట ఆసుపత్రి గుమ్మంలో నర్సు చెప్పినప్పుడు నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవరో ముసలాయన, రోగి తాలూకు మనిషి కాబోలు, ఏమీ అడక్కుండా తన ఫ్లాస్కులోంచి మూతలోకి టీ వంచి ఇచ్చాడు. ఆ టీ రుచి ఇప్పటికీ నా నాలుక మీద ఉంది. చనిపోలేదు గానీ, బట్టల దుకాణంలో పనిచేసే పిల్ల ఒకతి ఇక నడవదు. దుకాణంలో కూర్చోనివ్వరు ఆంటీ, రోజంతా నిలబడే ఉంటాను అని నాతో అంటుండేది. ఇప్పుడిక కూర్చునే ఉంటుంది.

మర్నాడే వార్డెన్‌ని సస్పెండ్ చేశారు. కారణం, 'అత్యవసర ద్వారానికి తాళం వేయడంలో నిర్లక్ష్యం'.

ఆ తాళం వేయించింది ఎవరో నాకు తెలుసు. అంతకు నెల ముందు డైరెక్టర్ గారి గదిలో ఆయన బల్ల ముందు వార్డెనూ నేనూ నిలబడి ఉన్నాం. కూర్చోమనలేదు. "పిల్లలు వెనక మెట్ల మీద కూర్చుని ఫోన్లు మాట్లాడుతున్నారట. రాత్రిళ్ళు తాళం వేయించండి," అన్నారాయన. వార్డెన్ నసిగింది. "సార్, ఏదైనా అయితే, మంటలూ అవీ..." ఆయన నవ్వారు. "మీరు వంట మాడ్చకుండా ఉంటే మంటలెందుకొస్తాయమ్మా?" అని. "సార్, రూల్ ఒప్పుకోదు," అన్నాను నేను. "రూలు నాకు నేర్పకండి మేడమ్. ఆడపిల్లల విషయం. రేపు ఎవరితోనో లేచిపోతే వాళ్ళ నాన్నలకు జవాబు చెప్పేది నేను." కాగితం మీద ఏమీ పెట్టలేదు. పెట్టరు. నోటిమాటతో ఏదైనా చేయిస్తారాయన.

జవాబు చెప్పేది నేను అన్న ఆయన్ని శాసనసభ కమిటీ జవాబు చెప్పడానికి పిలిచింది.

ఆయన వెళ్ళలేదు. "వాళ్ళు ఓట్లతో వచ్చారు, నేను పరీక్ష రాసి వచ్చాను. వాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడడానికి కాదు. ఇవాళ నేను వెళితే రేపు ప్రతి ఆఫీసర్నీ పిలుస్తారు. మా గదిలో మేం మాట్లాడుకునేది వాళ్ళకెందుకు?" అని గోడలు వినేలా అన్నారు. నన్ను పంపారు. కమిటీ అధ్యక్షుడు, అందరూ పెద్దాయన అని పిలిచే మాజీ బడిపంతులు, నన్ను చూసి కళ్ళజోడు తీసేశాడు. "డైరెక్టర్‌ని రమ్మంటే డిప్యూటీని పంపుతాడా? సభ పిలిస్తే రానివాడు ఇంకెవరు పిలిస్తే వస్తాడు?" అని బల్ల గుద్దాడు. గుద్దింది డైరెక్టర్ మీద కోపంతోనే. అదిరింది నా ముందున్న గ్లాసు. సభాహక్కుల ఉల్లంఘన నోటీసు ఇస్తామన్నారు. మంత్రిగారి కార్యాలయం అడ్డుపడింది. గొడవ సభాపతి దాకా పోయింది.

అక్కడ గెలిచింది మా డైరెక్టర్ గారే. ఆయన వాదన ఇది. శాఖకు నోరు ఒక్కటే. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా డైరెక్టర్ కూర్చున్నట్టే. కమిటీకి జవాబు మీద హక్కుంది, మొహం మీద లేదు. సభాపతి ఒప్పుకుని ఒక మెలిక పెట్టాడు. తరఫున వచ్చిన మనిషి ముందుగా అందరూ వినేలా, నా జవాబు డైరెక్టర్ గారి జవాబుగానే నమోదు చేసుకోవచ్చు అని చెప్పాలి. తర్వాత ఆ జవాబు తనది కాదనుకుంటే డైరెక్టరే స్వయంగా వచ్చి కమిటీ ముందు కాదని చెప్పుకోవాలి. ఆ రోజు ఆయన ఆఫీసంతటికీ టీ తెప్పించారు. "మేడమ్, మీరు కూర్చుంటే నేను కూర్చున్నట్టే," అని నాతో నవ్వుతూ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మెలిక గురించి ఎవరూ ఆలోచించలేదు. ఎందుకంటే, వారి తరఫున వెళ్ళేవాళ్ళు చెప్పేది ఒకే వాక్యం. "వివరాలు రాతపూర్వకంగా సమర్పిస్తాం." ఆ వాక్యాన్ని ఎవరి మాటగా రాసుకుంటే ఎవరికి నష్టం?

ఆ వాక్యాన్ని నేను ఆ తర్వాత కూర్చున్న ప్రతిసారీ చెప్పాను. తాళం ఎవరు వేయమన్నారు? రాతపూర్వకంగా. వార్డెన్‌ని విచారించకుండా ఎందుకు సస్పెండ్ చేశారు? రాతపూర్వకంగా. బల్లకి ఎడమవైపు కూర్చునే సభ్యుడు ఒకాయన ఉన్నాడు. ప్రతిదానికీ చమత్కారం ఆడతాడు. రిపోర్టర్లు ఆయన్ని జోకులాయన అంటారు. పోయినసారి ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా? మీ ఆయన ఏదడిగినా రాసిస్తానంటావా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నా పెదవులు కూడా నవ్వాయి. అలవాటు అంత పాడుది. ఆయన మాటను నేను క్షమించగలనేమో. నా పెదవులను క్షమించలేను. ఆ రాత్రి నుంచీ పళ్ళు తోముకునేటప్పుడు అద్దంలో నా నోటిని వేరే ఎవరిదో అన్నట్టు చూస్తున్నాను. నీకు నోరుంది, అంటారు మా ఆయన. నిజమే. ఉంది. ఇంతకాలం అద్దెకిచ్చాను.

*

పొద్దున ఆఫీసులో డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. ఎదురుగా కుర్చీ ఉంది, కూర్చోమనలేదు.

"ఇవాళ తాళం సంగతి గట్టిగా అడుగుతారు. వార్డెన్ సొంత నిర్ణయమై ఉంటుంది, మాకు తెలీదు, పూర్తి వివరాలు రాతపూర్వకంగా ఇస్తాం, అంతే. ఆ సస్పెన్షన్ని ఈ నెలలో డిస్మిసల్ చేసేస్తే ఫైలు మూసుకుంటుంది."

"మనకి తెలీకపోవడమేంటి సార్? మీరే కదా..."

"అందుకే కదమ్మా మిమ్మల్ని పంపేది. నేను వెళితే ఆ ముక్క నా నోటితో చెప్పాల్సొస్తుంది. ప్రమాణం చేసి అబద్ధమాడలేను కదా." ఆ చివరి మాట ఆయన చాలా మర్యాదగా, తన నిజాయితీ మీద తనకే గౌరవం ఉన్నట్టుగా అన్నారు. "మీరైతే తెలీదనొచ్చు."

అంటే ఆయన అబద్ధం ఆడరు. ఆయన అబద్ధం నేను ఆడాలి. నేను తలాడించాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఇంత హాయిగా తలాడించింది లేదు. ఒళ్ళు మండుతున్నప్పుడు చేతులు ఇంత చల్లగా ఉంటాయని నాకు తెలీదు. బయటకొచ్చి నా బల్ల దగ్గర కూర్చుని నీళ్ళు తాగాను, జడ విప్పి మళ్ళీ బిగించి వేసుకున్నాను. బదిలీ చేస్తారు, తెలుసు. ఏ మూలకో వేస్తారు, ప్రమోషను ఆపేస్తారు. ఆ లెక్కంతా వేసుకున్నాను. వేసుకుంటూంటే భయానికి బదులు ఆకలి వేసింది. క్యాంటీనుకు పోయి రొట్టె తెప్పించుకుని, ఒక్క ముక్క వదలకుండా తిన్నాను.

కమిటీ గది బయట వరండాలో వార్డెన్ ఉంది. కమిటీ ఉన్న ప్రతిసారీ వస్తుంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు, లోపలికి రానివ్వరు. చేతులకు కట్లు తీసేశారు గానీ వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవు. రెండు అరచేతులూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని, ఎవరైనా ఏమైనా వేస్తారేమోనన్నట్టు కూర్చుంటుంది.

"తిన్నారా మేడమ్?" అంది.

"తిన్నాను. నువ్వు?"

"మా తమ్ముడు కలిపి పెట్టాడు. స్పూనుతో తినడం వచ్చేసింది." తర్వాత, "ఏం చెప్తారు మేడమ్ ఇవాళ?" అంది. మామూలుగా అడగదు.

"డైరెక్టర్ గారు ఏం చెప్పారో అదే చెప్తాను," అన్నాను. ఆవిడ తల దించుకుంది. ఇంకో మాట చెప్పి ఆవిణ్ణి తేలికపరచి ఉండొచ్చు. చెప్పలేదు. నోరు ఒకసారి విప్పితే వరండాలోనే అయిపోతుందేమోనని భయం.

కమిటీ గదిలో ఏసీ సాక్షి కుర్చీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మొదటిసారి నేను వణికిపోవడం చూసిన బంట్రోతు, అప్పటినుంచి నేను వచ్చే రోజున ఆ కుర్చీ వీపు మీద తన శాలువా మడిచి వేసి ఉంచుతాడు. ఏమీ అనడు, నా వైపు చూడడు. ఇవాళ కూడా ఉంది. శాలువా కప్పుకుని కూర్చున్నాను. నా ముందు బల్ల మీద పలక, దాని మీద 'డైరెక్టర్' అని.

పెద్దాయన అలవాటు ప్రకారం విసుగ్గా అడిగాడు. "ఎవరి తరఫున?"

"డైరెక్టర్ గారి తరఫునండి. నా జవాబు వారి జవాబుగానే నమోదు చేసుకోవచ్చు."

"చేసుకుంటున్నాం, చేసుకుంటున్నాం. ఇంతవరకు ఏముంది గనక చేసుకోడానికి. సరే అమ్మా, మళ్ళీ అడుగుతున్నాను. వెనక మెట్ల తలుపుకి తాళం ఎవరు వేయమన్నారు?"

షార్ట్‌హ్యాండ్ రాసుకునే అమ్మాయి నా వాక్యం ముందే తెలుసన్నట్టు పెన్సిలు కదిపేసింది.

"నేనే," అన్నాను.

పెన్సిలు ఆగింది. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీరా?"

"డైరెక్టర్ గారి తరఫున మాట్లాడుతున్నాను కదండీ. వారి మాటగా రాసుకోండి. వెనక తలుపుకి రాత్రిళ్ళు తాళం వేయమని వార్డెన్‌కి నా గదిలో, నా నోటితో చెప్పింది నేనే. కాగితం మీద పెట్టలేదు."

పెద్దాయన గొంతు తగ్గించి, బడిలో పిల్లాడు సరైన జవాబు చెబుతున్నప్పుడు అడ్డుపడకుండా అడిగే పంతులులాగా, ఒక్కొక్కటే అడిగాడు.

"వార్డెన్ అభ్యంతరం చెప్పిందా?"

"చెప్పింది. మంటలొస్తే ఎలా అంది. నేను నవ్వాను. మీరు వంట మాడ్చకుండా ఉంటే మంటలెందుకొస్తాయన్నాను."

"ఇంకెవరైనా ఉన్నారా గదిలో?"

"మా డిప్యూటీ ఉంది. రూల్ ఒప్పుకోదంది. రూలు నాకు నేర్పొద్దన్నాను."

"మరి వార్డెన్‌ని సస్పెండ్ ఎందుకు చేశారు?"

"ఎవరో ఒకర్ని చేయాలి కనక. ఈ నెలలో డిస్మిస్ చేసి ఫైలు మూసేద్దామనుకున్నాను."

"ఇన్నిసార్లు పిలిస్తే రాలేదేం?"

పొద్దున విన్నది మనసులో ఒకసారి వల్లె వేసుకున్నాను. ఆయన మాట ఒక్క అక్షరం తేడా రాకుండా అప్పగించాలని. "నేను వస్తే ఆ ముక్క నా నోటితో చెప్పాల్సొస్తుంది. ప్రమాణం చేసి అబద్ధమాడలేను కదా. అందుకని డిప్యూటీని పంపాను. ఆవిడైతే తెలీదనొచ్చు."

ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో చెప్పడానికి నాకు సిగ్గు లేదు. పొగలో కళ్ళు కనపడక పిల్లలు ఆ జాలీని ఊపిన ఊపు నా చేతుల్లో ఉంది. ప్రతి జవాబుకీ అది ఒక్కో బోల్టు చొప్పున ఊడి పడుతోంది. మంచిదాన్ని అనిపించుకోవాలని లేదు. న్యాయం అన్న పెద్ద మాట కూడా వద్దు. టీ తెప్పించి నవ్విన మనిషి రేపు పొద్దున ఈ మాటలు అచ్చులో చదువుకోవాలి, అంతే.

పెద్దాయన ఎప్పుడూ నవ్వడు. ఇప్పుడూ నవ్వలేదు గానీ, మీసం ఒక పక్క కదిలింది. "ఇది డైరెక్టర్ గారి జవాబుగా నమోదైంది. ఇది తనది కాదనుకుంటే సభాపతి తీర్పు ప్రకారం వారే స్వయంగా వచ్చి కాదని చెప్పుకోవాలి. ప్రమాణం చేసి. వచ్చే గురువారం. అందాకా ఆ వార్డెన్ మీద ఏ చర్యా తీసుకోకూడదని శాఖకు రాయండి." తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, ఇంకేమైనా చెప్పాలా?" అన్నాడు.

"ఒకటి అడగాలండి." ఎడమవైపు చూశాను. జోకులాయన తన ముందున్న కాగితాలను సర్దుకుంటున్నాడు. "పోయినసారి సభ్యులు ఒకరు అడిగారు. ఇంట్లో కూడా ఇంతేనా, మీ ఆయన ఏదడిగినా రాసిస్తానంటావా అని. అది ప్రశ్నేనా సార్? ప్రశ్నయితే జవాబు బాకీ ఉన్నాను."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన షార్ట్‌హ్యాండ్ అమ్మాయిని చూశాడు. ఆ పిల్ల పాత పేజీలు తిప్పి, కళ్ళు పైకెత్తకుండా, "ఉందండి. పేరుతో సహా," అంది.

"ఏదో సరదాకి..." అన్నాడు జోకులాయన. "తీసేయండి, దాన్దేముంది."

"ఆవిణ్ణి అడుగుదాం," అన్నాడు పెద్దాయన. "తీసేయమంటారా అమ్మా?"

"ఉంచండి," అన్నాను.

శాలువా మడిచి కుర్చీ మీద ఎలా ఉందో అలా పెట్టి లేచాను. గుమ్మం దగ్గర బంట్రోతు తలుపు తీసి పట్టుకున్నాడు. తీసింది సగం కాదు, రెండు రెక్కలూ.

వరండాలో వార్డెన్‌కి సంగతి నాకంటే ముందే చేరిపోయింది. లేచి నిలబడి ఉంది. ఏమనాలో తెలీక, వంగని ఆ వేళ్ళతో నా ముంజేతిని పట్టుకుంది. పట్టుకోవడం కూడా కాదు, ఆనించింది. "తిట్టుకున్నాను మేడమ్ మిమ్మల్ని. ఇందాకే," అంది. "తిట్టుకో," అన్నాను. ఇద్దరం నవ్వాం. ఈసారి నా పెదవులు నాకు చెప్పే నవ్వాయి.

ఫోను మోగింది. డైరెక్టర్ గారు. గొంతులో మర్యాద లేదు. "ఏం చేశావో తెలుసా నువ్వు? ఎవరు చెప్పమన్నారు నిన్ను?"

"మీరే కదా సార్. నేను కూర్చుంటే మీరు కూర్చున్నట్టేనన్నారు."

ఆయన ఇంకో మాట అందుకోకముందే, "గురువారం మీరు రావాలి సార్," అన్నాను. "ఏసీ గట్టిగా ఉంటుంది. శాలువా తెచ్చుకోండి. అక్కడ కుర్చీ మీదది నాకోసం వేసింది."

*

ఇంటికొచ్చేసరికి వాకిట్లో దీపం వెలుగుతోంది. నాకు ఎప్పుడు ఆలస్యమైనా అత్తయ్య ఆ దీపం వేసి ఉంచుతుంది. ఎందుకు వేశారని అడిగితే, "నాకు చీకటంటే పడదు," అంటుంది. ఆవిడ ముందు గదిలో ఉంటుంది, దీపం వాకిట్లో ఉంటుంది. ఇన్నేళ్ళలో నేను ఆ అబద్ధాన్ని కదిలించలేదు.

మా ఆయన వంటింట్లో నిలబడి ఉన్నారు. "ఇదిగో, కాలరు కాల్చేశావు, చూసుకోలేదా? క్లయింటు ముందు పరువు పోయింది."

"చూశాను."

ఆయనకు అర్థం కాలేదు. "సర్లే. అమ్మకి చెప్పావా? చెల్లాయి అడుగుతోంది. ఆదివారం కారు పంపుతుందట."

కాళ్ళు కడుక్కుని, భోజనాల బల్ల దగ్గర ఉన్న కుర్చీ ఒకటి చేత్తో ఎత్తి ముందు గదిలోకి తీసుకెళ్ళాను. అత్తయ్య మంచానికి ఎదురుగా వేశాను. ఆవిడ రేడియో తగ్గించింది. "ఎందుకే అది? ఎవరైనా వస్తున్నారా?"

"మీ అబ్బాయి. మీతో ఒక మాట చెప్పాలట."

ఆయన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. నా వెనక, తలుపు పక్కన, తన ఎప్పటి చోటులో. నేను పక్కకి తప్పుకున్నాను. అప్పుడు ఆయనకీ వాళ్ళమ్మకీ మధ్య ఏమీ లేదు, కుర్చీ తప్ప.

"అబ్బే, ఏం లేదమ్మా," అన్నారు ఆయన. తర్వాత నాతో గొంతు తగ్గించి, "ఏంటిది? నువ్వు చెప్పు, నువ్వైతే బాగా..."

"నేను ఆ పని మానేశాను," అన్నాను. "చిన్నాన్నగారి వైద్యం సంగతి, మావయ్యగారి స్కూటరు సంగతి కూడా అత్తయ్య అడుగుతారేమో. తీరిగ్గా కూర్చోండి."

అత్తయ్య నా వంక చూసింది, కొడుకు వంక చూసింది. స్కూటరు అన్న మాట దగ్గర ఆవిడ మొహంలో ఏదో కదిలి, నెమ్మదిగా, ఎన్నో ఏళ్ళ వెనక్కి వెళ్ళింది. రేడియో పూర్తిగా కట్టేసింది. కళ్ళజోడు తీసి, పమిటకి తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"స్కూటరు అమ్మమంది నువ్వా?" అంది. గొంతు పెంచలేదు. "కూర్చోరా."

ఆయన కూర్చున్నారు. ఆదివారం, చెల్లాయి, గాలి మార్పు అని ఏవో మాటలు మొదలుపెట్టి, ఆగి, తలుపు వైపు తిరిగారు.

తలుపు తెరిచే ఉంది. తాళం లేదు, గడియ లేదు. గడప మీద నేను నిలబడి ఉన్నాను.